ఫ్లాష్‌కి ఏ సెల్లు వేయాలి, వాటికి ఏ ఛార్జర్ కొనాలి?

కెమెరా మీద పెట్టుకునే ఫ్లాష్‌లో ఎక్కువగా నాలుగు ఏఏ సెల్లు పడతాయి. చాలామంది పెన్సిల్ సెల్లు అనేది వీటినే. మామూలు ఆల్కలైన్ సెల్ ఒక్కోటి 1.5 వోల్టులు, నాలుగూ కలిపితే 6. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే, నాలుగూ కలిపినా 4.8 దాటవు. ఈ లెక్కన ఆల్కలైన్ వేసిన ఫ్లాష్ చురుగ్గా ఉండాలి. కానీ నికాన్ కంపెనీ తన ఎస్‌బీ-910 ఫ్లాష్‌కి ఇచ్చిన పట్టిక చూడండి. ఫుల్ పవర్‌లో ఒకసారి వెలిగాక మళ్లీ సిద్ధం కావడానికి ఆల్కలైన్ సెల్లతో 4 సెకన్లు పడుతుంది, 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లతో 2.3 సెకన్లు చాలు. ఒక సెట్టుతో ఎన్నిసార్లు వెలుగుతుందన్న లెక్కలోనూ ఇదే తీరు: ఆల్కలైన్‌తో 110, రీఛార్జబుల్‌తో 190.

తక్కువ వోల్టుల సెల్ ఎక్కువ పని ఎలా చేస్తుందో అర్థమైతే, ప్యాకెట్ మీద రాసే అంకెల్లో దేన్ని పట్టించుకోవాలో తేలిపోతుంది. ఫ్లాష్ కోసం సెల్లు కొనేవాళ్లు అందరికంటే ముందు చూసే అంకె ఎంఏహెచ్. నా లెక్కలో అది చివర చూడాల్సిన అంకె.

ఫ్లాష్‌లో వెలుగునిచ్చేది జినాన్ వాయువు నింపిన చిన్న గాజు గొట్టం. ఐదారు వోల్టులతో అది వెలగదు. అందుకే లోపలి సర్క్యూట్ సెల్ల నుంచి కరెంటు లాగి, వోల్టేజీని 300 దాకా, కొన్నిటిలో ఇంకొంచెం పైకి పెంచి, ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపి పెడుతుంది. షటర్ నొక్కినప్పుడు ట్రిగ్గర్ సర్క్యూట్ కొన్ని వేల వోల్టుల పోటుతో గొట్టంలోని వాయువును మేల్కొలుపుతుంది. కెపాసిటర్‌లో ఉన్నదంతా ఆ దారిన ఒక్కసారిగా పారి వెలుగవుతుంది. ఆ తర్వాత సన్నగా కూతలా వినిపించేది కెపాసిటర్ మళ్లీ నిండుతున్న చప్పుడు. ఇలా నిండడానికి పట్టే సమయాన్నే రీసైకిల్ టైమ్ అంటారు. పనిలో పని, ఒక హెచ్చరిక: సెల్లు తీసేసినా ఆ కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ చాలాసేపు నిలిచి ఉంటుంది. పాడైన ఫ్లాష్ కదా అని విప్పి చూడబోవద్దు.

ఇప్పుడు సెల్ల మీద పడే భారం ఎంతో చూద్దాం. ఒక మోస్తరు ఫ్లాష్ ఫుల్ పవర్‌లో 60 జౌళ్ల శక్తిని వాడుతుందనుకుందాం. అది 3 సెకన్లలో నిండాలంటే సెకనుకు 20 జౌళ్లు, అంటే 20 వాట్లు కావాలి. వోల్టేజీ పెంచే సర్క్యూట్‌లో పోయే నష్టం కూడా కలుపుకుంటే సెల్లు 30 వాట్ల దాకా ఇవ్వాలి. 4.8 వోల్టుల దగ్గర 30 వాట్లంటే 6 ఆంపియర్లకు పైమాటే. గోడ గడియారం లాగేది ఇందులో వేలవంతు కూడా ఉండదు, టీవీ రిమోట్ లాగేది అంతకంటే కాస్త ఎక్కువ. ఏఏ సెల్లతో నడిచే ఇంటి వస్తువుల్లో ఇంత మొరటుగా కరెంటు లాగేది ఫ్లాష్ తప్ప ఇంకొకటి దొరకడం కష్టం.

ప్రతి సెల్‌లోనూ కరెంటుకు అడ్డుపడే అంతర్గత నిరోధం కొంత ఉంటుంది. కొత్త ఆల్కలైన్ సెల్‌లో అది సుమారు 150 మిల్లీఓమ్‌లతో మొదలై, వాడేకొద్దీ పెరుగుతూ పోతుంది. మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో 25, 30 మిల్లీఓమ్‌ల దగ్గరే ఉంటుంది. 5 ఆంపియర్లు లాగినప్పుడు ఆల్కలైన్ సెల్ తన 1.5 వోల్టుల్లో 0.75 వోల్టుల్ని లోపలే పోగొట్టుకుంటుంది. బయటికి వచ్చేది సగమే. రీఛార్జబుల్ సెల్ పోగొట్టుకునేది 0.15 వోల్టులు, బయటికి 1.05 వస్తుంది. పేరుకు 1.5 అయినా పనిలో 0.75, పేరుకు 1.2 అయినా పనిలో 1.05. నికాన్ పట్టిక వెనక ఉన్న లెక్క ఇదే. ఆల్కలైన్ సెల్ మూతి ఇరుకైన బిందె లాంటిది, నీళ్లు ఎన్ని ఉన్నా అది ఒంపగలిగినంతే ఒంపుతుంది.

లోపల పోయిన ఆ 0.75 వోల్టులూ వేడిగా మారతాయి. వరుసగా ఫొటోలు తీసి ఫ్లాష్ తెరిస్తే ఆల్కలైన్ సెల్లు చెయ్యి పెట్టలేనంత కాలుతుండడానికి కారణం అదే. పైగా ఇంత కరెంటు లాగితే ఆల్కలైన్ సెల్‌లో ఉన్నదంతా బయటికి రాదు. నెమ్మదిగా వాడితే 2500 ఎంఏహెచ్ పైన ఇచ్చే సెల్ ఫ్లాష్‌లో అందులో సగం కూడా ఇవ్వకుండానే నీరసపడుతుంది. ఫ్లాష్ 'ఇక చాలదు' అన్నాక తీసేసిన ఆల్కలైన్ సెల్లు గడియారంలో వేస్తే నెలల తరబడి తిరగడం చాలామంది చూసే ఉంటారు. వాటిని ఫ్లాష్‌లోనే మరిచిపోతే ఇంకో గొడవ. కొన్నాళ్లకు సెల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కారి కాంటాక్టులు, అంటే సెల్లు ఆనుకునే రేకులు, తుప్పు పడతాయి. వందల సెల్లు కొనే డబ్బు పోసి కొన్న ఫ్లాష్ నాలుగు సెల్ల వల్ల మూలన పడుతుంది.

కాబట్టి నికెల్ మెటల్ హైడ్రైడ్ అన్నంతవరకు చర్చ అక్కర్లేదు. ఏ నికెల్ మెటల్ హైడ్రైడ్ అన్న దగ్గరే తికమక మొదలవుతుంది.

ఒకప్పుడు ఈ సెల్లకు పెద్ద జబ్బు ఒకటి ఉండేది. ఛార్జ్ చేసి పక్కన పెడితే వాటంతట అవే ఖాళీ అయ్యేవి. మొదటి నెలలోనే 20, 30 శాతం పోయేది. మూడు నాలుగు నెలల తర్వాత బ్యాగులోంచి తీస్తే దాదాపు ఏమీ మిగిలేది కాదు. అందుకే పని ఉన్న ముందురోజు రాత్రి అన్నిటినీ మళ్లీ ఛార్జ్ చేసుకోవడం ఫొటోగ్రాఫర్లకు తప్పని టెన్షన్ అయ్యేది. 2005 చివర్లో సాన్యో కంపెనీ ఎనిలూప్ అనే సెల్లను తెచ్చి ఈ పరిస్థితి మార్చింది. ఏడాది తర్వాత కూడా 85 శాతం ఛార్జ్ నిలుస్తుందని చెప్పి, ముందే ఛార్జ్ చేసిన సెల్లను ప్యాకెట్లో పెట్టి అమ్మింది. తర్వాత సాన్యో ప్యానాసోనిక్‌లో కలిసింది. ఆ తర్వాతి తరాల మామూలు ఎనిలూప్‌కి పదేళ్ల తర్వాత కూడా 70 శాతం నిలుస్తుందని, ల్యాబ్ పరీక్షలో 2100 సార్లు ఛార్జ్ చేయవచ్చని కంపెనీ చెప్పుకుంది. ఇవాళ పేరున్న కంపెనీలన్నీ ఈ రకం తయారు చేస్తున్నాయి. ప్యాకెట్ మీద 'ముందే ఛార్జ్ చేసినవి', 'వాడటానికి సిద్ధం' లాంటి మాటలు ఉంటే దాదాపుగా అది ఈ రకమే.

ఇక్కడే ఎంఏహెచ్ మోజు అడ్డొస్తుంది. అదే ఎనిలూప్‌లో రెండు మెట్లున్నాయి. తెల్ల రంగుది సుమారు 2000 ఎంఏహెచ్. నల్ల రంగులో వచ్చే ప్రో రకం 2500 దగ్గర. పావు వంతు ఎక్కువ వస్తోంది కదా, ప్రోనే కొనేద్దాం అనిపిస్తుంది. కానీ ఛార్జింగ్ల సంఖ్య చూస్తే తెల్లదానికి కంపెనీ 2100 చెప్పిన చోట నల్లదానికి 500 మాత్రమే చెప్పింది. సెల్ బయటి కొలత మారదు. అదే డబ్బాలో ఎక్కువ సరుకు కుక్కాలంటే లోపలి పొరలు పలచన చేయాలి, ఖాళీ జాగా తగ్గించాలి, దాంతో ఆయుష్షు తగ్గుతుంది. ఒక్క సెట్టుతో కార్యక్రమం చివరిదాకా లాగాల్సినవాళ్లకు, మధ్యలో సెల్లు మార్చే తీరిక దొరకనివాళ్లకు ప్రో రకం పనికొస్తుంది. మిగతా అందరికీ నా సలహా 2000 రకం రెండు సెట్లు. ఒకటి ఫ్లాష్‌లో, ఇంకొకటి జేబులో. సెట్టు మార్చడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషంలో ఫ్లాష్ కూడా కాస్త చల్లబడుతుంది.

3000, 3300, ఇంకా పైన అంకెలు వేసి అమ్మే ఏఏ సెల్లను పక్కన పెట్టేయవచ్చు. ఈ రసాయనంతో ఏఏ కొలతలో నిజంగా సాధ్యమయ్యేది 2700, 2800 దగ్గర ఆగిపోతుంది. అంతకు మించి రాసిన అంకె రంగు కాగితం మీదే ఉంటుంది, సెల్‌లో ఉండదు. అనుమానం వస్తే వంటింటి తూకం మీద పెట్టి చూడండి. మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ ఏఏ సెల్ 26 నుంచి 31 గ్రాముల మధ్య తూగుతుంది. 3000 ఎంఏహెచ్ అని రాసుకుని 18 గ్రాములు తూగే సెల్ గురించి ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఎక్కువ కెపాసిటీ సెల్లలో కొన్ని కాస్త లావుగా కూడా ఉంటాయి. ఏఏ సెల్ మందం 14.5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్లాష్‌లో సెల్లు పెట్టే గదులు సరిగ్గా ఆ కొలతకే ఉంటాయి కాబట్టి, వేడెక్కి కాస్త ఉబ్బిన సెల్ లోపల ఇరుక్కుందంటే బయటికి తీయడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

మిగతా రకాల గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి నాలుగు మాటలు. నికెల్ కాడ్మియం సెల్లు కరెంటు బాగానే ఇచ్చేవి కానీ కెపాసిటీ తక్కువ, పైగా కాడ్మియం విషం. యూరోపియన్ యూనియన్ 2006లో తెచ్చిన ఆదేశంతో చేతి వస్తువుల్లో వీటి వాడకాన్ని చాలావరకు ఆపేసింది. నికెల్ జింక్ సెల్లు 1.6 వోల్టులవి. అంతర్గత నిరోధం కూడా తక్కువే కాబట్టి ఫ్లాష్ చాలా వేగంగా నిండుతుంది. వినడానికి బాగుంటుంది కానీ, నిండా ఛార్జ్ చేసిన సెల్ 1.8 వోల్టుల దాకా చూపిస్తుంది. నాలుగు కలిస్తే 7 దాటుతుంది. 6 వోల్టులకు తయారైన ఫ్లాష్‌కి అది మంచిది కాదు. వాటి ఛార్జర్ వేరు, ఆయుష్షూ తక్కువే. నేనైతే వాటి జోలికి పోను.

రీఛార్జ్ చేయలేని లిథియం ఏఏ సెల్లు తేలిక, సుమారు 15 గ్రాములే. గడ్డకట్టే చలిలోనూ పనిచేస్తాయి, ఇరవై ఏళ్లు నిల్వ ఉంటాయి. ఎస్‌బీ-910 పట్టికలో వీటితో 230 సార్లు వెలుగుతుందని ఉంది, కానీ రీసైకిల్ 4.5 సెకన్లు. బాగా వేడెక్కితే కరెంటును తగ్గించే రక్షణ భాగం వీటి లోపలే ఉంటుంది. కొన్ని కంపెనీల ఫ్లాష్ మాన్యువళ్లు వీటిని అసలు వాడొద్దంటాయి. మంచు కొండలకు వెళ్లేవాళ్లు, అత్యవసరానికి బ్యాగు అడుగున ఒక సెట్టు పడేసుకునేవాళ్లు మాత్రం మాన్యువల్ ఒకసారి చూసుకుని పెట్టుకోవచ్చు.

ఈ మధ్య బాగా కనిపిస్తున్నవి యూఎస్‌బీ తీగతో ఛార్జ్ అయ్యే 1.5 వోల్టుల లిథియం అయాన్ ఏఏ సెల్లు. వీటి లోపల 3.7 వోల్టుల చిన్న లిథియం సెల్, దాని వోల్టేజీని 1.5కి దించే ఒక బుల్లి సర్క్యూట్ ఉంటాయి. చివరిదాకా 1.5 వోల్టులు నిలకడగా ఇస్తాయన్నది వీటి గొప్ప. ఫ్లాష్ విషయంలో ఆ బుల్లి సర్క్యూట్టే అడ్డంకి. చాలావాటిలో అది రెండు, మూడు ఆంపియర్లు దాటనివ్వదు. ఫ్లాష్ అంతకంటే ఎక్కువ లాగబోతే రక్షణ కోసం సెల్ తనంతట తానే ఆగిపోవచ్చు. పని చేసినంతసేపు బాగా చేసి, ముందస్తు సూచన ఏదీ లేకుండా చప్పున చచ్చిపోవడం ఇంకో చిక్కు. నికెల్ సెల్లయితే అయిపోతున్నాయని రీసైకిల్ టైమ్ సాగుతూ చెబుతుంది. మౌస్‌కి, బొమ్మలకి యూఎస్‌బీ సెల్లు బాగుంటాయి. ఫ్లాష్‌కి కొనాలంటే గరిష్ఠ కరెంటు ఎంతో ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉన్నవే చూడండి.

వీటితో పొరబడకూడనివి 14500 అనే లిథియం అయాన్ సెల్లు. కొలతలో అచ్చం ఏఏ లాగే ఉంటాయి కానీ ఒక్కోటి 3.7 వోల్టులు. నాలుగు వేస్తే 15 వోల్టుల దాకా వెళ్తుంది. ఫ్లాష్ కాలిపోవడం ఖాయం, సెల్ల నుంచి మంట రావచ్చు కూడా.

సెల్లు ఎంచుకోవడం ఒక వంతయితే ఛార్జర్ మూడు వంతులు. మంచి సెల్లు కొన్నవాళ్లలో చాలామంది వాటిని ప్యాకెట్‌తో వచ్చిన చవక ఛార్జర్‌లోనే పెట్టి ఏడాదిలో పాడుచేసుకుంటారు. తర్వాత నిందంతా సెల్ల మీద వేస్తారు.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిండేటప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఛార్జర్ల మధ్య తేడా అర్థమవుతుంది. ఛార్జ్ ఎక్కేకొద్దీ సెల్ వోల్టేజీ మెల్లగా పెరుగుతూ 1.45, 1.5 దగ్గరికి చేరుతుంది. నిండిపోయాక వచ్చే కరెంటుకు దాచుకునే చోటు ఉండదు. అది లోపల ఆక్సిజన్ పుట్టించి, ఆ ఆక్సిజన్ మళ్లీ కలిసిపోయే క్రమంలో వేడి అవుతుంది. సెల్ చప్పున వేడెక్కుతుంది. ఆ వేడికి వోల్టేజీ అతి కొద్దిగా, ఐదు పది మిల్లీవోల్టులు, కిందికి జారుతుంది. ఈ చిన్న జారుడును పసిగట్టి ఆగేదే తెలివైన ఛార్జర్. దీనికి తోడు సెల్ ఉష్ణోగ్రతను కూడా చూస్తుంటే ఇంకా మంచిది. ఈ రెండూ తప్పినా ఫలానా గంటల తర్వాత ఆపేసే టైమర్ ఉండాలి.

చవక ఛార్జర్‌కి ఇవేవీ ఉండవు. సన్నగా కరెంటు పంపుతూనే ఉంటుంది, లేదా గంటల లెక్కతో ఆగుతుంది. సగం ఉన్న సెల్ పెట్టినా ఖాళీ సెల్ పెట్టినా దానికి ఒకటే. ఇంకో లోపం జంటగా ఛార్జ్ చేయడం. రెండు సెల్లు తప్పనిసరిగా కలిపి పెట్టాలి, రెండింటికీ ఒకే లైటు. ఒకటి ముందే నిండితే రెండోది నిండేదాకా అది వేడెక్కుతూ ఉంటుంది. లేదా మొదటిది నిండగానే రెండూ ఆగి, రెండోది అరకొరగా మిగులుతుంది. నాలుగు గదుల ఛార్జర్‌కి రెండే లైట్లు ఉన్నాయంటే దాన్ని అక్కడే వదిలేయండి. ప్రతి గదీ దేనికదే పనిచేయాలి. ఛార్జర్‌లో నేను ముందు చూసేది ఇదే, దీని తర్వాతే మిగతావన్నీ. తెర ఉందా, రంగు రంగుల లైట్లున్నాయా అన్నవి అమ్మేవాళ్ల ముచ్చట్లు.

తర్వాత చూడాల్సింది వేగం. 2000 ఎంఏహెచ్ సెల్‌లోకి 2000 మిల్లీ ఆంపియర్లు పంపడాన్ని 1సీ అంటారు, 1000 పంపితే 0.5సీ. నెమ్మదిగా ఛార్జ్ చేస్తే సెల్‌కి మంచిదని అందరూ అంటారు. అది సగం నిజమే. టైమర్ లెక్కతో 0.1సీ దగ్గర పదహారు గంటలు పెట్టడం పాత, ప్రామాణిక పద్ధతి, అది సెల్‌కి హాని చేయదు. కానీ వోల్టేజీ జారుడును చూసి ఆగే ఛార్జర్‌లో మరీ నెమ్మదిగా పెడితే ఆ జారుడు కనిపించనంత చిన్నదైపోతుంది. ఛార్జర్ దాన్ని గమనించక, నిండిన సెల్‌లోకి ఇంకా ఇంకా పంపుతూ ఉంటుంది. మరీ వేగంగా పెడితే వేడి దంచేస్తుంది. ఒకప్పుడు 15 నిమిషాల్లో నింపుతామంటూ, లోపల ఫ్యాన్ పెట్టుకుని మరీ వచ్చిన ఛార్జర్లు సెల్లను అలాగే ముసలివి చేశాయి. 0.3సీ నుంచి 0.5సీ మధ్య, అంటే 2000 ఎంఏహెచ్ సెల్‌కి 600 నుంచి 1000 మిల్లీ ఆంపియర్లు సురక్షితమైన దారి. రెండున్నర నుంచి నాలుగు గంటల్లో నిండుతుంది. కరెంటును మనమే ఎంచుకునే వీలుంటే మరీ మంచిది. అదే వీలుతో 900 ఎంఏహెచ్ ఏఏఏ సెల్లకు కూడా తగ్గించి వాడుకోవచ్చు.

తీసేటప్పుడు సెల్ గోరువెచ్చగా ఉంటే సరే. పట్టుకోలేనంత కాలుతుంటే ఆ ఛార్జర్ మీద అనుమానం పడాల్సిందే. ఆ వేడి సెల్లను వెంటనే ఫ్లాష్‌లో వేయకండి, చల్లారనివ్వండి.

ప్యానాసోనిక్ బీక్యూ-సీసీ55 లాంటి సాదా ఛార్జర్ నాలుగు గదులూ విడివిడిగా చూసుకుంటూ మూడు గంటల్లో పని ముగిస్తుంది. ఎక్కువమందికి ఇలాంటిది చాలు. సెల్లు ఎక్కువ వాడేవాళ్లు ఒక మెట్టు పైకి వెళ్లి పరీక్షించగల ఛార్జర్ కొనుక్కోవడం లాభం. మహా కంపెనీ పవరెక్స్ ఎంహెచ్-సి9000 ఈ తరహాలో పేరు తెచ్చుకుంది. ఇలాంటివి సెల్‌ను నింపి, పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ నింపి, అసలు అందులో ఎన్ని ఎంఏహెచ్ ఉన్నాయో చెబుతాయి. ప్యాకెట్ మీద అంకె ఎంత నిజమో అప్పుడు బయటపడుతుంది. చాలా కాలం పక్కన పడి ఉన్న సెల్లకు రోజున్నరకు పైగా పట్టే నెమ్మది ఛార్జింగ్, డిస్‌ఛార్జింగ్ ఇచ్చి కొంత ప్రాణం పోస్తాయి. మామూలుగా వాడే సెల్లకు ఈ వైద్యం మాటిమాటికీ అక్కర్లేదు. పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జ్ పెట్టాలన్న మాట నికెల్ కాడ్మియం రోజుల నుంచి వచ్చిన అలవాటు. నికెల్ మెటల్ హైడ్రైడ్‌ను సగంలో పెట్టినా ఏమీ కాదు.

పరీక్షించే ఛార్జర్ ఉంటే వచ్చే అసలు లాభం సెట్లు కలపడంలో. ఫ్లాష్‌లో నాలుగు సెల్లూ ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో ఉంటాయి. నాలుగింటి నుంచీ ఒకే కరెంటు పారుతుంది. మూడు బలంగా ఉండి ఒకటి బలహీనమైతే, ఆ ఒక్కటి ముందు ఖాళీ అవుతుంది. మిగతా మూడూ దాని గుండా కరెంటును తోస్తూనే ఉంటాయి. ఖాళీ సెల్ వోల్టేజీ సున్నాకి పడి, అక్కడితో ఆగక తలకిందులవుతుంది, అంటే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. అలా ఒకటి రెండుసార్లు జరిగినా ఆ సెల్ కోలుకోకపోవచ్చు. అది బలహీనపడేకొద్దీ మరుసటిసారి ఇంకా ముందే ఖాళీ అవుతుంది. ఫొటోగ్రాఫర్‌కి ఇది 'నా సెల్లన్నీ పాడైపోయాయి' అన్నట్టు కనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు పాడైంది ఒక్కటే.

అందుకే ఒకే ప్యాకెట్లో కొన్న నాలుగింటి మీద చెరగని పెన్నుతో ఒకే గుర్తు, కొన్న నెల, ఏడాది రాసుకోవాలి. ఎప్పుడూ ఆ నాలుగూ కలిసే ఫ్లాష్‌లోకి వెళ్లాలి, కలిసే ఛార్జర్‌లోకి రావాలి. మధ్యలో ఒకదాన్ని రిమోట్‌కి అప్పివ్వకూడదు. రీసైకిల్ టైమ్ మొదట్లో ఉన్నదానికి రెట్టింపయిందని అనిపించగానే సెట్టు మార్చేయాలి. ఇంకో నాలుగు ఫొటోలు వస్తాయేమోనని చివరి చుక్క దాకా పిండడమే సెల్‌ను తలకిందులు చేసే మార్గం. ఏడాదికోసారి నాలుగింటి కెపాసిటీ కొలిచి, ఒకటి మిగతావాటికంటే బాగా వెనకబడితే దాన్ని తీసి గడియారానికో మౌస్‌కో ఇవ్వండి. ఆ స్థానంలో కొత్త సెల్ పెట్టకండి, దాదాపు అదే వయసు, అదే కెపాసిటీ ఉన్నదాన్ని వెతకండి. ఛార్జర్ ఒప్పుకోకుండా లైటు కొట్టుకునే సెల్ అంతర్గత నిరోధం బాగా పెరిగిపోయినదై ఉంటుంది. బలవంతం చేయకుండా బ్యాటరీలు సేకరించే చోట వేయడమే దానికి మిగిలింది.

కాంటాక్టుల సంగతి చాలామంది పట్టించుకోరు. నాలుగు సెల్లంటే ఎనిమిది కొసలు, ఎనిమిది ఆనుకునే చోట్లు. చేతి చెమట, దుమ్ము పేరుకుని ఒక్కో చోట పది మిల్లీఓమ్‌లు చేరినా మొత్తం 80. తక్కువ నిరోధం ఉన్న సెల్లు ఏరికోరి తెచ్చి, ఆ లాభాన్ని మురికి మీద పారబోసుకున్నట్టు. పొడి గుడ్డతో సెల్ కొసలు, ఫ్లాష్ లోపలి రేకులు అప్పుడప్పుడు తుడిస్తే చాలు.

డబ్బా లేకుండా విడి సెల్లు జేబులో వేసుకుని తిరగొద్దు. నిరోధం తక్కువగా ఉండడమంటే తాళం చెవి రెండు కొసలకూ తగిలితే పదుల ఆంపియర్లు పారడమే. ప్లాస్టిక్ డబ్బాలు అందుకే. నిండినవాటిని పైకి, వాడేసినవాటిని కిందికి తిప్పి పెట్టుకునే అలవాటు చేసుకుంటే చీకట్లో కూడా వెతుక్కోనక్కర్లేదు. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి, వేడికి ఛార్జ్ వేగంగా కారిపోతుంది, సెల్ ముసలితనమూ వేగంగా వస్తుంది.

సెల్ల మీద భారం తగ్గించే ఇంకో ఉపాయం కెమెరాలోనే ఉంది. వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ అంకెను 400 నుంచి 800కి పెంచితే ఫ్లాష్ ఇవ్వాల్సిన వెలుగు సగమవుతుంది. కెపాసిటర్ సగమే ఖాళీ అవుతుంది, రీసైకిల్ దాదాపు సగం సమయంలో అయిపోతుంది, ఒక సెట్టుతో దాదాపు రెట్టింపు ఫొటోలు వస్తాయి. ఇప్పటి కెమెరాల్లో 800, 1600 దగ్గర వచ్చే నాణ్యతకు ఎవరూ వంక పెట్టరు. ఇంకొకటి, చాలా ఫ్లాష్‌ల్లో రెడీ లైటు కెపాసిటర్ నూటికి నూరు పాళ్లు నిండకముందే వెలుగుతుంది. లైటు వచ్చీ రాగానే ఫుల్ పవర్‌లో కొడితే ఫొటో కాస్త చీకటిగా రావచ్చు. ఒక సెకను ఆగితే ఆ తేడా ఉండదు. మంచి సెల్లు వేశాం కదా అని ఆపకుండా కొడుతూ పోయినా ఇబ్బందే. ఫుల్ పవర్‌లో వరుసగా 15, 20 సార్లు వెలిగాక పది నిమిషాలు ఆగమని మాన్యువళ్లు చెప్పేది గొట్టం, దాని ముందున్న ప్లాస్టిక్ కాలిపోకుండా ఉండడానికే. సెల్లు ఎంత వేగంగా ఇస్తే ఫ్లాష్ తల అంత వేగంగా వేడెక్కుతుంది.

ఇంతకీ ఏఏ సెల్లే ఎందుకు, సొంత లిథియం అయాన్ ప్యాక్‌తో వచ్చే ఫ్లాష్ కొనుక్కోవచ్చు కదా అని అడగొచ్చు. గోడాక్స్ కంపెనీ ఫ్లాష్‌లు వీ860-2, వీ1 లాంటివి ఈ దారిలో బాగా నడిచాయి. వీ1కి ఒక్క ఛార్జ్‌తో 480 ఫుల్ పవర్ మెరుపులు, 1.5 సెకన్ల రీసైకిల్ అని కంపెనీ లెక్క. ఏఏ సెల్లతో ఏ సెట్టూ దాని దరిదాపుకి రాదు. నాలుగు సెల్లను జత కలపడం, గుర్తులు రాయడం, పరీక్షించడం, పైన చెప్పిన ఈ తంటాలేవీ ఉండవు. ఒకే ప్యాక్, ఒకే ఛార్జర్. వారం వారం కార్యక్రమాలు తీసేవాళ్లు కొత్తగా ఫ్లాష్ కొంటుంటే నేను ఇవే చూడమంటాను. విమానంలో వెళ్లేటప్పుడు విడి ప్యాక్‌ను లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి. విమానాల్లో ప్యాక్‌లకు పెట్టిన 100 వాట్ అవర్ల హద్దుకు ఇవి చాలా కిందే ఉంటాయి.

అప్పుడప్పుడు మాత్రమే ఫ్లాష్ బయటికి తీసేవాళ్ల లెక్క వేరు. లిథియం ప్యాక్ వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది. ఆరేడేళ్ల తర్వాత అదే ఆకారంలో, అదే కాంటాక్టులతో కొత్త ప్యాక్ దొరకాలంటే కంపెనీ అప్పటికీ దాన్ని తయారు చేస్తుండాలి, లేదా ఎవరో చేసిన నకలును నమ్మాలి. ఏఏ ఫ్లాష్‌కి ఆ చిక్కు లేదు. ఇరవై ఏళ్ల కిందటి ఫ్లాష్‌లో కూడా నిన్న తయారైన సెల్లు వేయొచ్చు, దాని కాంటాక్టులు శుభ్రంగా ఉండి, కెపాసిటర్ ఇంకా ఛార్జ్ పట్టుకుంటుంటే.